మార్పిడి తర్వాత ఫంగస్: చిక్కంతా మందుల మధ్యే

అవయవ మార్పిడిని అరుదైన సాహసం స్థాయి నుంచి ఆసుపత్రుల్లో రోజూ జరిగే చికిత్సగా మార్చిన మందు ఒక బూజు నుంచే వచ్చింది. 1969లో నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలో టోలిపోక్లాడియం అనే ఫంగస్ కనిపించింది. స్విట్జర్లాండ్‌కు చెందిన సాండోజ్ కంపెనీ పరిశోధకులు దాన్నుంచి సైక్లోస్పోరిన్‌ను వేరుచేశారు. 1983లో అమెరికా ఆ మందుకు ఆమోదం తెలిపింది. ఆ తర్వాత వచ్చి దాని చోటును చాలావరకు ఆక్రమించిన టాక్రోలిమస్ కూడా మట్టి ఇచ్చిందే. జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో 1984లో గుర్తించిన ఒక బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. వీటితో కలిపి ఇచ్చే మైకోఫినోలేట్‌కు మూలం పెనిసిలియం జాతి బూజు. కొత్త కిడ్నీనో కాలేయాన్నో శరీరం తోసిపుచ్చకుండా కాపాడే ఈ మందులే, మరో రకం బూజులకు అదే శరీరంలోకి దారి ఇస్తాయి.

1954లో బోస్టన్‌లో జరిగిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడికి ఈ బెడద లేదు. కిడ్నీ ఇచ్చిన వ్యక్తి, పుచ్చుకున్న వ్యక్తి ఒకే పోలిక కవలలు కావడంతో రోగనిరోధక శక్తిని అణచాల్సిన పనే పడలేదు. అంతటి అదృష్టం లేని మిగతా అందరూ అవయవం పనిచేసినన్నాళ్లూ మందులు మింగుతూనే ఉండాలి. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ రెండూ రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల్లో ఉండే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును ఆపి, ఆ కణాలు దాడికి లేవకుండా చేస్తాయి. స్టెరాయిడ్లు ఊపిరితిత్తుల్లో కాపలా కాసే మాక్రోఫేజ్ కణాల చురుకును తగ్గిస్తాయి. గాలిలో తేలే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజం పరిమాణం రెండు మూడు మైక్రాన్లు మించదు. మనమందరం వాటిని రోజూ పీలుస్తూనే ఉంటాం, మాక్రోఫేజ్‌లు వాటిని మింగేస్తూనే ఉంటాయి. ఈ పారిశుధ్యపు పని మందగించినప్పుడు బీజం మొలకెత్తి, దారాల్లా సాగి, రక్తనాళాల గోడల్లోకి దూరుతుంది. చర్మం మీదో నోటిలోనో పైపైన ఆగిపోకుండా ఇలా లోపలి కణజాలంలోకో రక్తంలోకో చొచ్చుకుపోయే వాటినే ఇన్వేసివ్ ఫంగల్ ఇన్‌ఫెక్షన్లు అంటారు.

ఈ జబ్బు ఎవరికి ఎంతగా వస్తుందన్నది మార్చిన అవయవాన్ని బట్టి చాలా తేడాగా ఉంటుంది. దీని మీద ఇప్పటికీ ఎక్కువగా ఉదహరించేది అమెరికాలోని 23 మార్పిడి కేంద్రాలు కలిసి 2001 నుంచి 2006 దాకా జరిపిన ట్రాన్స్‌నెట్ పరిశీలన. అందులో అవయవ మార్పిడి చేయించుకున్న 1,063 మందిలో 1,208 ఫంగస్ ఇన్‌ఫెక్షన్లు నమోదయ్యాయి. మార్పిడి జరిగిన ఏడాదిలోపు ఈ జబ్బు వచ్చినవారు చిన్నపేగు మార్పిడిలో 11.6 శాతం, ఊపిరితిత్తుల మార్పిడిలో 8.6 శాతం, కాలేయ మార్పిడిలో 4.7 శాతం, గుండె మార్పిడిలో 4 శాతం. కిడ్నీ దగ్గరికి వచ్చేసరికి అది 1.3 శాతమే. కిడ్నీ మార్పిడిని సురక్షితమనుకోవడానికి ఈ అంకె సాయపడుతుంది గానీ, అన్నిటికంటే ఎక్కువగా జరిగేవి కిడ్నీ మార్పిడులే. కాబట్టి తక్కువ శాతంలోనూ రోగుల సంఖ్య తక్కువగా ఉండదు.

అవయవాల మధ్య ఈ తేడాకు కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. ఊపిరితిత్తి ఒక్కటే బయటి గాలికి నేరుగా తెరుచుకుని ఉండే మార్పిడి అవయవం. దాని నరాలు తెగిపోవడంతో దగ్గు సరిగా రాదు, శ్వాసనాళాన్ని అతికిన కుట్టు దగ్గర రక్తప్రసరణ తక్కువ. ఆస్పర్‌జిల్లస్ స్థిరపడటానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. పేగుల్లో క్యాండిడా అనే ఫంగస్ ముందునుంచే కాపురం ఉంటుంది కాబట్టి, పేగునూ పిత్తనాళాన్నీ కోసి కుట్టే శస్త్రచికిత్సల్లో అదే కడుపులోకి జారుతుంది. ట్రాన్స్‌నెట్‌లో నమోదైన మొత్తం ఇన్‌ఫెక్షన్లలో 53 శాతం క్యాండిడా, 19 శాతం ఆస్పర్‌జిల్లస్, 8 శాతం క్రిప్టోకాకస్. బ్లాక్ ఫంగస్ జబ్బును తెచ్చే మ్యూకర్ వర్గానిది అక్కడ రెండు శాతమే. భారతదేశంలో దాని బరువు వేరు, ఆ సంగతి కాసేపట్లో.

కాలాన్ని చూస్తే మరో వరస కనిపిస్తుంది. క్యాండిడా తొందరగా వస్తుంది, ఆస్పర్‌జిల్లస్ మధ్యలో వస్తుంది, క్రిప్టోకాకస్ తీరిగ్గా వస్తుంది. పైన చెప్పిన పరిశీలనలో మార్పిడి నుంచి జబ్బు బయటపడేదాకా గడిచిన కాలం, మధ్యస్థ విలువగా తీసుకుంటే, క్యాండిడాకు 103 రోజులు, ఆస్పర్‌జిల్లస్‌కు 184 రోజులు, క్రిప్టోకాకస్‌కు 575 రోజులు. ఏడాదిన్నర దాటిందంటే రోగి ఆసుపత్రి వాసన మరిచిపోయి, ఉద్యోగానికో వ్యవసాయానికో తిరిగి వెళ్లిపోయి ఉంటాడు. నెలరోజులుగా తలనొప్పి ఉందంటే ఊళ్లో డాక్టరు నొప్పి మాత్ర ఇచ్చి పంపుతాడు. జ్వరం కూడా పెద్దగా ఉండదు, ఎందుకంటే స్టెరాయిడ్లు దాన్ని కప్పేస్తాయి. క్రిప్టోకాకస్ మెదడు పొరలకు చేరిందో లేదో తేల్చడానికి వెన్నునీరు తీసి యాంటిజెన్ పరీక్ష చేస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ పరీక్ష ఖరీదైనదీ కాదు, కష్టమైనదీ కాదు. చేయించాలన్న ఆలోచన రావడమే అరుదు.

కొన్నిసార్లు ఫంగస్ అవయవంతోపాటే వస్తుంది. నీళ్లలో మునిగి మరణించిన దాతల ఊపిరితిత్తుల్లో బురదనీటి బూజులు ఉండవచ్చు. మెదడు జబ్బుతో చనిపోయిన దాతకు ఆ జబ్బు క్రిప్టోకాకస్ వల్లేనని ఎవరూ కనుక్కోకపోయి ఉండవచ్చు. దాత శరీరం నుంచి తీసేటప్పుడు పేగుకు గాటు పడితే, అవయవాన్ని ముంచి ఉంచే చల్లటి ద్రవంలోకి క్యాండిడా చేరుతుంది. అలా చేరిన క్యాండిడా కొత్త కిడ్నీ రక్తనాళాన్ని అతికిన చోట గోడను తొలిచేస్తే కొన్ని వారాల్లో ఆ నాళం ఉబ్బి పగిలిపోయే ప్రమాదం ఉంది. ఫ్రాన్సులో జరిగిన ఒక దేశవ్యాప్త పరిశీలన ఇలాంటివి వెయ్యి కిడ్నీలకు ఒకటి చొప్పున ఉన్నాయని లెక్కగట్టింది. అరుదే, కానీ వచ్చినప్పుడు కిడ్నీ పోతుంది, కొన్నిసార్లు మనిషీ పోతాడు. ఆ ద్రవాన్ని కల్చర్‌కు, అంటే అందులోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు, పంపడం చిన్న పని. రిపోర్టు వచ్చేసరికి రోగి వార్డు మారిపోయి ఉంటాడు కాబట్టి, దాన్ని వెతికి చదివే బాధ్యత ఎవరిదో ముందే తేల్చి పెట్టుకోవాలి.

ఇక భారతదేశం. ఇక్కడ మార్పిడి చరిత్ర చిన్నదేమీ కాదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1971లోనే కిడ్నీ మార్పిడి జరిగింది. 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం వచ్చింది. బ్రెయిన్‌డెడ్ దాతల అవయవాలను వరుస ప్రకారం కేటాయించే జీవన్‌దాన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా పని మొదలుపెట్టింది. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ వేర్వేరుగా నడుస్తోంది. మార్పిడులు పెరిగేకొద్దీ వాటి వెంట వచ్చే జబ్బులూ పెరుగుతాయి. అయితే మన దగ్గర ఫంగస్ జబ్బుల స్వభావాన్ని నిర్ణయించేది ముఖ్యంగా మధుమేహం. కిడ్నీలు చెడిపోవడానికి పెద్ద కారణం అదే. అది లేకుండా మార్పిడి దాకా వచ్చినవారిలోనూ కొందరికి టాక్రోలిమస్, స్టెరాయిడ్లు కలిసి కొత్తగా చక్కెరను తెచ్చిపెడతాయి. రక్తంలో చక్కెర, ఆమ్లత్వం పెరిగితే ఇనుము విడిపడి తేలికగా అందుబాటులోకి వస్తుంది. మ్యూకర్ వర్గపు బూజులకు కావలసింది అదే.

ఆ బూజులు ఎంత వేగంగా నాశనం చేస్తాయో 2021లో తెలుగు పత్రికల పాఠకులందరూ చూశారు. బ్లాక్ ఫంగస్‌గా ఇంటింటికీ తెలిసిన మ్యూకర్‌మైకోసిస్‌ను అంటువ్యాధుల చట్టం కింద తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించమని 2021 మే 20న కేంద్రం రాష్ట్రాలను కోరింది. తెలంగాణ అదే రోజు ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ఈ జబ్బుకు ప్రత్యేక కేంద్రం చేశారు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. జూన్ నెలాఖరుకు దేశంలో కేసులు 40,000 దాటాయి. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్ల కోసం కుటుంబాలు ఊళ్లన్నీ తిరిగాయి. ఆ రోగుల్లో అత్యధికులు అవయవ మార్పిడితో సంబంధం లేనివారు. కానీ చక్కెర అదుపు తప్పడం, స్టెరాయిడ్లు ఇష్టారాజ్యంగా వాడటం అనే రెండూ ఒకచోట కలిసినప్పుడు ఏమవుతుందో అప్పుడు లక్షల ఇళ్లకు అర్థమైంది. కిడ్నీ మార్పిడి రోగి శరీరంలో ఆ రెండూ డాక్టరు పర్యవేక్షణలోనే, ఏళ్ల తరబడి కలిసి ఉంటాయి.

జబ్బును తేల్చడం దగ్గర మన ఆసుపత్రుల బలహీనత ఒకచోట స్పష్టంగా కనబడుతుంది. ముక్కు లోపలి నుంచో ఊపిరితిత్తి నుంచో తీసిన చిన్న ముక్కను అలవాటుగా ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపేస్తారు. ఫార్మలిన్‌లో పడ్డాక ఫంగస్ చచ్చిపోతుంది, ఇక కల్చర్ చేయడం కుదరదు. సగం ముక్కను సెలైన్‌లో విడిగా పెట్టి మైక్రోబయాలజీకి పంపాలి. అక్కడ గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే కణజాలం కరిగి, ఫంగస్ దారాలు మాత్రం మిగులుతాయి. రిబ్బను ముక్కల్లా వెడల్పుగా, గదులు దాదాపు లేకుండా, లంబకోణంలో చీలుతూ ఉంటే మ్యూకర్ వర్గం. సన్నగా, గదులుగా, వాలుకోణంలో చీలుతుంటే ఆస్పర్‌జిల్లస్ కావచ్చు. ఈ రెండింటి మధ్య తేడా రోగికి చావుబతుకుల విషయం, ఎందుకంటే ఆస్పర్‌జిల్లస్‌కు మొదట ఎంచుకునే వోరికొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు. ల్యాబ్‌లో ఇంకో పొరపాటూ జరుగుతుంది. బ్యాక్టీరియా కల్చర్ కోసం చేసినట్టే ముక్కను కల్వంలో మెత్తగా నూరుతారు. గదులు లేని మ్యూకర్ దారాలు ఆ నూరుడుకు చితికిపోయి, ప్లేటు మీద ఏమీ పెరగదు. చిన్న చిన్న ముక్కలుగా కోసి నాటితే పెరుగుతుంది.

రక్తపరీక్షలు ఈ లోటును పూడుస్తాయని ఆశపడతారు గానీ, అవయవ మార్పిడి రోగుల్లో అవి పెద్దగా ఆదుకోవు. ఆస్పర్‌జిల్లస్ వదిలే గాలక్టోమానన్ అనే పదార్థం కోసం చేసే రక్తపరీక్ష రక్త క్యాన్సర్ వంటి జబ్బులు ఉన్నవారిలో 70 శాతం కేసులను పట్టుకుంటే, అవయవ మార్పిడివారిలో 22 శాతాన్నే పట్టుకుందని 2006లో వచ్చిన సమీక్ష తేల్చింది. వీరిలో తెల్ల కణాలు ఇంకా ఉండటం వల్ల ఆ పదార్థం రక్తంలో ఎక్కువసేపు నిలవదన్నది ఒక వివరణ. బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తిని కడిగి తీసిన నీటిలో అదే పరీక్ష మెరుగ్గా పనిచేస్తుంది. ఫంగస్ కణాల గోడలోని పదార్థాన్ని వెతికే బీటా గ్లూకాన్ పరీక్ష మ్యూకర్‌నూ క్రిప్టోకాకస్‌నూ నమ్మదగ్గంతగా పట్టుకోదు. కనుక నెగెటివ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఫంగస్ లేదని ఊపిరి పీల్చుకోవడం ప్రమాదకరం. సీటీ స్కాన్, బయాప్సీ అనే రెండింటికీ త్వరగా వెళ్లిన జట్లకే ఫలితాలు బాగుంటాయి.

ముందుజాగ్రత్త మందులు అందరికీ ఒకేలా ఇవ్వరు. ఊపిరితిత్తుల మార్పిడిలో చాలా కేంద్రాలు ఆంఫోటెరిసిన్‌ను పీల్చే రూపంలోనో, అజోల్ వర్గపు ఫంగస్ మాత్రలనో నెలల తరబడి ఇస్తాయి. కాలేయంలో రెండోసారి మార్పిడి అయినవారికి, డయాలిసిస్ మీద ఉన్నవారికి, ఆపరేషన్‌లో బాగా రక్తం ఎక్కించినవారికి మాత్రం ఇస్తారు. కిడ్నీ మార్పిడిలో నోటి పూతకు మందు, న్యూమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమోక్సజోల్ తప్ప సాధారణంగా ఇంకేమీ ఉండదు. ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పడం సులువు, పాటించడం కష్టం. పేడ ఎరువు కుప్ప తవ్వొద్దు, తడిసిన గడ్డివాము కదపొద్దు, పాత గోడ కూల్చే చోట నిలబడొద్దు, పావురాల రెట్ట ఊడ్చొద్దు అని పెద్ద నగరంలోని ఫ్లాట్‌లో ఉండేవారికి చెబితే సరిపోతుంది. రెండెకరాల పొలమే బతుకైనవారికి ఆ మాట బతుకుతెరువు మానుకోమన్నట్టు ఉంటుంది. వారికి కనీసం మొదటి ఏడాది ఏ పనులు పక్కనపెట్టాలో, ఏ పనికి ఎన్95 మాస్కు, చేతికి తొడుగులు, కాలికి బూట్లు ఉంటే చాలో విడమరిచి చెప్పాలి. కాలికి ముల్లు గుచ్చుకుని, నెలలకు అక్కడే నొప్పిలేని గడ్డ కట్టి, కోసి చూస్తే నల్లటి వర్ణకమున్న ఫంగస్ బయటపడటం కిడ్నీ మార్పిడి రోగుల్లో తెలిసిన సంగతే.

చికిత్సకు వస్తే మొదటి ఇరకాటం ఆంఫోటెరిసిన్‌తోనే. దాదాపు అన్ని ఫంగస్‌ల మీదా పనిచేసే ఈ పాత మందు కిడ్నీకి విషం. దాత ఇచ్చిన ఒకే ఒక్క కిడ్నీతో బతుకుతున్నవారికి అది ఇవ్వాలంటే ఎవరికైనా చేయి వణుకుతుంది. లైపోసోమ్‌లలో పొదిగిన రూపం ఈ నష్టాన్ని తగ్గించింది గానీ తీసేయలేదు, పైగా ధర చాలా ఎక్కువ. ఆస్పర్‌జిల్లస్ మీద వోరికొనజోల్‌నూ పాత ఆంఫోటెరిసిన్‌నూ పోల్చి 2002లో ప్రచురించిన అధ్యయనంలో పన్నెండు వారాలకు బతికి ఉన్నవారు వరుసగా 71 శాతం, 58 శాతం. అప్పటినుంచి వోరికొనజోల్ ముందుకొచ్చింది. క్యాండిడా మీద బాగా పనిచేసే ఎకినోకాండిన్లు కిడ్నీని నొప్పించవు, మిగతా మందులతో పెద్దగా పేచీ పడవు. కానీ క్రిప్టోకాకస్, మ్యూకర్ రెండింటి మీదా వాటి ప్రభావం లేదు.

రెండో ఇరకాటం, అణచివేత మందులను ఎంత తగ్గించాలన్నది. తగ్గించకపోతే ఫంగస్ లొంగదు, ఒక్కసారిగా ఆపేస్తే శరీరం అవయవాన్ని తిప్పికొడుతుంది. క్రిప్టోకాకస్‌లో ఇంకో మెలిక ఉంది. నిద్రలేచిన రోగనిరోధక శక్తి మిగిలిన ఫంగస్ మీద విరుచుకుపడి, వాపుతో జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది, ఆ ఊపులో కిడ్నీనీ పోగొట్టుకున్నవారున్నారు. అందుకే తగ్గింపు మెట్లు మెట్లుగా సాగుతుంది. విచిత్రం ఏమిటంటే కాల్సిన్యూరిన్ మనిషి కణాల్లోనే కాదు, క్రిప్టోకాకస్‌లోనూ ఉంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర పెరగడానికి ఆ ఫంగస్‌కు అది అవసరం. టాక్రోలిమస్ మీద ఉన్నవారిలో క్రిప్టోకాకస్ మెదడుకంటే చర్మం, మెత్తటి కణజాలాల్లో ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు.

ఇక అసలు చిక్కు. టాక్రోలిమస్‌ను విచ్ఛిన్నం చేసేది కాలేయంలో, పేగు గోడలో ఉండే సీవైపీ3ఏ4 అనే ఎంజైము. వోరికొనజోల్ లాంటి అజోల్ వర్గపు ఫంగస్ మందులన్నీ ఎక్కువో తక్కువో ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. తూముకు గడ్డి అడ్డుపడిన చెరువులా రక్తంలో టాక్రోలిమస్ పెరిగిపోతుంది. వోరికొనజోల్ మొదలుపెట్టేటప్పుడు టాక్రోలిమస్ మోతాదును మూడో వంతుకు, సైక్లోస్పోరిన్‌ను సగానికి దించమని మందు పత్రంలోనే రాసి ఉంటుంది. సిరోలిమస్ అనే మరో అణచివేత మందుతో అసలు కలపనే కూడదు. ఆసుపత్రిలో ఉన్నంతకాలం దీన్ని డాక్టర్లు చూసుకుంటారు. పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం తీసి, టాక్రోలిమస్ స్థాయి చూసి, మోతాదు సరిచేస్తారు. ప్రమాదం మొదలయ్యేది ఆసుపత్రి గేటు దాటాక.

తెలుగు రాష్ట్రాలు సహా దేశమంతటా కొన్నేళ్లుగా మొండి తామర ప్రబలింది. తామరకు వాడే టెర్బినఫిన్ మందుకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటీనే దీని వెనక ఉన్న కొత్త రకం. తొడల మధ్య దురద తగ్గని మనిషి మెడికల్ షాపుకు వెళ్తే ఇట్రాకొనజోల్ క్యాప్సూళ్లు చీటీ లేకుండానే చేతికి వస్తాయి. అణచివేత మందుల మీద ఉన్నవారికి తామర మామూలువారికంటే ఎక్కువగా పాకుతుంది కాబట్టి కిడ్నీ మార్పిడి రోగి ఆ దుకాణం మెట్లెక్కే అవకాశమూ ఎక్కువే. అజోల్ వర్గానికే చెందిన ఇట్రాకొనజోల్ ఆ ఎంజైమును గట్టిగా అడ్డుకునే మందుల్లో ఒకటి. వారం తిరక్కుండానే చేతివేళ్లు వణకడం, తలనొప్పి, రక్తపోటు పెరగడం, పొటాషియం పెరగడం మొదలై, చివరికి కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ ఎగబాకుతుంది. శరీరం కిడ్నీని తిరస్కరించడం మొదలైందని భయపడి స్టెరాయిడ్ పెంచితే ఫంగస్‌కు మరింత దారి తీసినట్టే. జలుబు, దగ్గుకు ఇచ్చే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్‌లదీ ఇదే తంతు. కోనసీమవైపు ఇష్టంగా తినే పంపరపనస కూడా టాక్రోలిమస్ స్థాయిని పెంచిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మందు చీటీలో పండు పేరు రాయాల్సి రావడం వింతగానే ఉంటుంది, అయినా రాయాలి.

క్షయ వచ్చినప్పుడు బండి ఎదురుదిశలో పరుగెడుతుంది. క్షయ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్ అదే ఎంజైమును పెంచి టాక్రోలిమస్‌ను హరించేస్తుంది, వోరికొనజోల్‌నూ దాదాపు మిగల్చదు. క్షయ, ఫంగస్ రెండూ ఒకే రోగిలో ఉండటం మన దేశంలో కనీవినీ ఎరగనిది కాదు. ఛాతీ ఎక్స్‌రేలో గూడు కనబడగానే కఫ పరీక్ష రాకముందే క్షయ మందులు మొదలుపెట్టే అలవాటు మార్పిడి రోగి విషయంలో రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. జబ్బు ఆస్పర్‌జిల్లస్ అయితే చికిత్స నెలలు ఆలస్యమవుతుంది, ఆలోగా రిఫాంపిసిన్ వల్ల అవయవమూ తిరస్కరణకు చేరువవుతుంది. రిఫాంపిసిన్ బదులు రిఫాబ్యూటిన్ వాడటం, లేదా లీవోఫ్లాక్సాసిన్‌తో వేరే కలయిక ఎంచుకోవడం మార్పిడి నిపుణులకు తెలిసిన దారులే. ఆ నిపుణుడికి ఒక ఫోను వెళ్లాలి, అంతే.

అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది ఫంగస్ మందు ఆపే రోజు. మూడు నెలలు వోరికొనజోల్ వాడి, స్కాన్ శుభ్రంగా ఉందని ఆపేస్తారు. అప్పటిదాకా టాక్రోలిమస్ మూడో వంతు మోతాదులోనే నడుస్తోంది. అడ్డు తొలగిన ఎంజైము కొద్ది రోజుల్లో మామూలు వేగం అందుకుని, ఆ తక్కువ మోతాదును కరిగించేస్తుంది. రక్తంలో స్థాయి పడిపోయినా రోగికి ఏ బాధా తెలియదు, వణుకు పోయి ఇంకా హాయిగా ఉంటుంది. క్రియాటినిన్ కదిలేసరికి తిరస్కరణ ముదిరి ఉంటుంది. కాబట్టి అజోల్ ఆపిన మొదటి వారంలోనే టాక్రోలిమస్ స్థాయి చూడాలి, నిలకడ వచ్చేదాకా వారానికోసారైనా చూస్తూ మోతాదు పెంచుకుంటూ పోవాలి. ఇట్రాకొనజోల్ అయితే శరీరంలో ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది కాబట్టి ఆ కాపలా కూడా పొడిగించాలి. డిశ్చార్జి కాగితం మీద మందు ఆపే తేదీ పక్కనే టాక్రోలిమస్ పరీక్షల తేదీలు, ఫలితం వచ్చాక ఫోను చేయాల్సిన నెంబరు రాసి ఇస్తే జిల్లాలో ఉన్న రోగి కూడా స్థానిక ల్యాబ్‌లో రక్తం ఇచ్చి ఈ పని నడుపుకోగలడు.